ఉపాధ్యాయుల శిక్షణమును, రాబోవు కాలపు పనులును

తాను నేర్వని విద్యను పరులకు నేర్పుట యెవ్వరికిని సాధ్యము గాదు. నేటి బాలబాలికలు రేపు చేయబోవు ప్రతి పనియందును యంత్రమునకు భాగముండును. కావున ముందుగా ఉపాధ్యాయులు శిక్షణము పొందవలెను. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయుడు ఏటేట కనీసము 50 గంటలు వృత్తిశిక్షణము పొందవలెనని చెప్పుచున్నది.

ఆ శిక్షణ మెట్టిదై యుండవలెను? మీట నొక్క నేర్చినంత మాత్రమున చాలదు. మన తీరమందలి రొయ్యల చెరువులనే చూడుడు. నీట కరగియున్న ప్రాణవాయువును కొలుచు మీటరు తెల్లవారుజామున తక్కువ అంకె చూపును. అంకెను చదువుట సులభము. కారణ మెరుగుటయే విద్య. పగలు నీటిలోని సన్నని నాచు సూర్యకాంతివలన ప్రాణవాయువును విడుచును. రాత్రి నాచును, రొయ్యలును, సూక్ష్మజీవులును దానిని పీల్చుకొనుటయే గాని విడుచుట లేదు. ఇది యెరిగిన రైతు వేళకు ఏరియేటర్లు తిప్పును. ఎరుగనివాని పంట యొక్క రాత్రిలో నశింపవచ్చును.

పల్లెపాడున ఉపాధ్యాయ శిక్షణాలయమును, ముత్తుకూరున మత్స్యశాస్త్ర కళాశాలయు మన జిల్లాయందే కలవు. ఉపాధ్యాయులు చెరువుగట్టున నిలిచి, సాయంకాలమునను వేకువను మీటరుతో కొలిచి, భేదమునకు కారణము వెదకుట అభ్యసింతురు గాక. యంత్రములు మారును, కారణము వెదకు బుద్ధి యెన్నటికిని పనికివచ్చును. తలిదండ్రులారా, మీ బిడ్డలను ఏ యంత్రము చూచితిరని గాక, అది యెట్లు పనిచేయునని యడుగుడు.