ఒకే పరిధిలో రెండు విమానాశ్రయాలు

ఉత్తర కేరళలో ఎన్నో కుటుంబాల జీవనం గల్ఫ్ ఉద్యోగాలతో ముడిపడి ఉన్నది. వారికొరకు 1988లో కరిప్పూరులో కోళిక్కోడ్ విమానాశ్రయం ఏర్పడినది. 2018 డిసెంబరులో కన్నూరు విమానాశ్రయం ప్రారంభమైనది. నడుమనున్న వడకర, వయనాడు వాసులకు రెండూ అందుబాటులోనివే. ఇట్టి ఉమ్మడి పరిధిలో ప్రయాణికుడు దూరమొక్కటే చూడడు. టిక్కెట్టు ధరను, విమానాల సంఖ్యను కూడ బేరీజు వేసుకొనును.

కరిప్పూరు రన్‌వే కొండను చదును చేసి నిర్మించినది. 2020 ఆగస్టు ప్రమాదం తరువాత అచట పెద్ద విమానాలను నిలిపివేశారు. చిన్న విమానాలలో తలసరి ఖర్చు హెచ్చు. 2024 హజ్ యాత్రకు కోళిక్కోడ్ నుండి మొదట ప్రతిపాదించిన ఛార్జీ కన్నూరు, కొచ్చి ఛార్జీలకు దాదాపు రెట్టింపు! ఏళ్ళ తరబడి పొదుపు చేసిన యాత్రికునికి ఇది చిన్న తేడా కాదు.

అయినను కన్నూరు నెగ్గినదనలేము. 2023 మేలో గో ఫస్ట్ సంస్థ మూతపడగానే అచటి సర్వీసులు బాగా తగ్గిపోయినవి.