ఆ మూడు కొటేషన్ల సంగతి

చిరంజీవి సుధీర్‌కి,

సేఫ్టీ కన్సల్టెంట్లవి నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. ముగ్గురిలో ఇద్దరు మీ గేటు కూడా దాటకుండానే రేటు వేసేశారు. లోపల ఏ సాల్వెంటు వాడుతున్నారో అడగనివాడు దేనికి లెక్క కట్టాడురా? వాళ్లిద్దర్నీ పక్కన పెట్టెయ్.

నువ్వు రెండు పనుల్ని ఒకటిగా కలిపేస్తున్నావు. లైసెన్సు రెన్యువలు, ప్లాన్ అప్రూవలు, రిటర్నులు, ఇవన్నీ ఫైలు నడిపే మనిషి పని. చిన్న పనేం కాదు, తెలిసినవాడు దొరికితే ఆఫీసుల చుట్టూ తిరుగుడు తప్పుతుంది. కానీ ఆయనే ప్లాంటులో ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో కూడా చూసిపెడతాడని అనుకోకు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో సాల్వెంటు లీకై, ఆవిరి పేలి 17 మంది పోయారు. మీ పరవాడకి అదేమంత దూరం? నీ దగ్గరున్నదీ సాల్వెంటే.

మూడో ఆయన్ని పిలు. ఆఫీసులో కూర్చోబెట్టి ప్రెజెంటేషన్ చూడకు, సెకండ్ షిఫ్టులో నేరుగా సెంట్రిఫ్యూజు దగ్గరికి తీసుకెళ్లు. అక్కడ ఎంతసేపు నిలబడతాడో చూడు. 4 డిగ్రీల చలిలోనే టోల్యూన్ నిప్పంటుకునేంత ఆవిరి వదులుతుంది, ఇక మన ఎండల్లో చెప్పాలా! గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటింబావు పాలుంటే చాలు. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, డ్రమ్ములోంచి పోస్తున్నప్పుడు పుట్టే స్టాటిక్ సరిపోతుంది. అందుకే పని తెలిసినవాడు వంగి ఎర్తింగ్ క్లిప్పు పట్టుకుని చూస్తాడు. పళ్లు ఇనుముని కరుచుకున్నాయా, పెయింటు మీదే ఆగిపోయాయా? పెయింటు మీద తగిలించిన క్లిప్పు ఉన్నా లేనట్టే. ఫ్లాంజిల దగ్గర జంపర్లు ఉన్నాయా, రిపేరుకి విప్పి అలాగే వదిలేశారా అని చూస్తాడు. నైట్రోజన్ వాల్వు తెరిచే ఉందండీ అని మీవాళ్లంటే ఊరుకోడు, లోపల ఆక్సిజన్ ఎంతుందో కొలిచి చూపించమంటాడు.

తర్వాత మనుషులతో మాట్లాడాలి. రియాక్టరు కడగడానికి దిగేముందు గాలి ఎవరు కొలుస్తారని అడిగితే మీ సూపర్‌వైజరే ముందు అందుకుంటాడు, చూడు. మంచి కన్సల్టెంటైతే ఆయన్ని ఆపి, దిగే కుర్రాడి నోటి నుంచి జవాబు వచ్చేదాకా ఆగుతాడు. ఆ కుర్రాడు ఒడిశావాడైతే, తెలుగులో రాసిన బోర్డు చదవగలడా అని కూడా అడుగుతాడు. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే ఎవర్నీ దించకూడదు. నైట్రోజన్‌కి వాసన ఉండదు, గొంతు మండదు, దిగినవాడు రెండు మూడు గుక్కల్లో కూలిపోతాడు. వాణ్ని లాగుదామని కంగారుగా దిగినవాడూ వాడి పక్కనే పడిపోతాడు. ఇలాంటి చావులు జంటగానే వస్తుంటాయి.

చదువు సంగతి అడుగు, తప్పులేదు. ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉండాలి, చెన్నై రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేసుంటే మరీ మంచిది. కానీ అనుభవమంతా బిల్డింగు సైట్లలోనే అయితే నీకు పనికిరాడు. ఐఎస్ 14489 ప్రకారం ఆడిట్ చేస్తానని అందరూ అంటారు. కంపెనీ పేరు కొట్టేసి పాత రిపోర్టు ఒకటి చూపించమను. అమోనియా చుక్క కూడా లేని ఫ్యాక్టరీకి అమోనియా లీకైతే ఏం చేయాలో రెండు పేజీలు రాసిచ్చిన రిపోర్టు నేను కళ్లారా చూశాను.

మీ పార్ట్‌నరు, మనుషులు తక్కువ కాబట్టి సేఫ్టీ ఆఫీసరు అక్కర్లేదంటున్నాడట. 1948 చట్టం నాటి లెక్కలు ఇప్పుడు చెప్పొద్దను. 2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్ అమల్లోకొచ్చింది, ప్రమాదకరమైన ప్రాసెస్ ఉన్న ఫ్యాక్టరీకి అందులో 250 మంది అని పెట్టారు. మీరు అంతమంది లేరు, నిజమే. అయితే ఆఫీసరు లేనిచోట బయటి మనిషి మరింత గట్టివాడై ఉండాలి కదా? ఈ కోడ్ గురించి కన్సల్టెంట్‌ని కూడా కదిపి చూడు. ఇంకా పాత సెక్షన్లే వల్లిస్తుంటే అర్థమైపోతుంది.

డిటెక్టర్లో, ఎక్స్‌టింగ్విషర్లో అమ్మేవాళ్లతో లావాదేవీలున్నాయా అని మొహమాటపడకుండా అడుగు. అగ్రిమెంటులో, రిపోర్టిచ్చాక మూడు నెలలకి మళ్లీ వచ్చి ఏవి సరిచేశారో చూసి సంతకం పెట్టాలని రాయించు. ఆ రెండో రాక లేకపోతే మొదటిదానికిచ్చిన డబ్బు దండగ. ఇంకో మాట, ఆక్యుపయర్‌గా కాగితాల్లో ఉన్నది నీ పేరు. ఎవర్ని పెట్టుకున్నా జవాబు చెప్పుకోవలసింది నువ్వే.

చివర్లో ఒక్కటి అడుగు: "రేపు డిస్పాచ్ ఉంది, బ్యాచ్ ఆపలేమంటే మీరేం చేస్తారు?" సర్దుకుందాం లెండి అన్నాడా, టీ ఇప్పించి పంపించెయ్. ఆపాల్సిందేనని నీ మొహం మీదే అంటే, రేటు పదివేలు ఎక్కువైనా బేరమాడకు.

ఆయన వచ్చే రోజు ముందుగా చెప్పు, నేనూ వస్తాను. సేఫ్టీ షూ నా సైజుది ఒకటి స్టోర్లో తీసిపెట్టించు. అక్కయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య