కుక్కపిల్ల కంటే ముందు వెట్

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో దిగి, పిల్లల పోరు పడలేక కుక్కనో పిల్లినో తెచ్చుకుందామనుకుంటున్నారా? ముందు అపార్ట్‌మెంట్ లీజు చదవండి. చాలాచోట్ల పెట్ ఫీజు వేరు, నెలనెలా పెట్ రెంట్ వేరు. కొన్ని జాతుల కుక్కల్ని అసలు రానివ్వరు. టీకాల కాగితాలూ అడుగుతారు.

ఆ కాగితాలిచ్చేది వెట్టే, అంటే పశువైద్యుడే. టెక్సస్ చట్టం ప్రకారం కుక్కకైనా పిల్లికైనా 16 వారాల వయసులోపే మొదటి రేబిస్ టీకా పడాలి. అది వెట్ వేయాలి, లేదా వెట్ పర్యవేక్షణలో వేయించాలి.

మంచి వెట్ ఎవరో తెలియాలంటే గూగుల్ స్టార్లు లెక్కపెట్టే కంటే, పొద్దున్నే కుక్కని నడిపించే పక్కింటాయన్ని అడగడం మేలు. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ గుర్తింపు ఉంటే మంచిదే. అది ఎవరికి వారు కోరి తెచ్చుకునేది కాబట్టి, లేనంత మాత్రాన ఆ క్లినిక్‌ను తీసిపారేయక్కర్లేదు. ఫోన్ చేసి ఒక్కసారి చూసినందుకు ఫీజెంతో కనుక్కోండి. అర్ధరాత్రి అవసరమైతే ఎక్కడికి పంపుతారో తప్పకుండా అడగండి. మామూలు క్లినిక్‌లు సాయంత్రానికి మూసేస్తారు. ఎమర్జెన్సీ ఆసుపత్రులు వేరే ఉంటాయి, వాటి ఫీజూ వేరే. వైద్యం మొదలెట్టే ముందే డిపాజిట్ కట్టమంటారు.

మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. డాక్టరు ముందు డబ్బు మాటెత్తడం మనకు నామోషీ. ఇక్కడ ఆ మొహమాటం అక్కర్లేదు. ఎస్టిమేట్ రాసిమ్మని అడగండి. అందులో ఇవాళ తప్పనిసరిగా చేయాల్సిందేది, నాలుగు రోజులు ఆగగలిగేదేది అని అడగండి. మీరు ఎంతవరకు పెట్టగలరో చెబితే, వీలున్నచోట మరో దారి చూపిస్తారు. పెదవి విప్పకుండా సంతకం పెట్టి, ఇంటికొచ్చి బిల్లు చూసుకుని బాధపడితే లాభం లేదు.

పొదుపు చేయకూడనిది హార్ట్‌వార్మ్ మందు దగ్గర. హార్ట్‌వార్మ్ అంటే గుండెలో చేరే పురుగు. టెక్సస్ దోమలు దాన్ని కుక్క ఒంట్లోకి ఎక్కిస్తాయి. ఏడాదికోసారి పరీక్ష, నెలకో బిళ్ల, అంతే. బిళ్ల మానేసి జబ్బు తెచ్చుకుంటే నెలల తరబడి వైద్యం, అన్నాళ్లూ కుక్కని పరుగెత్తనీయకూడదు, ఖర్చు ఎన్నో రెట్లు. మిగుల్చుకునే దారులు వేరే ఉన్నాయి: మందుచీటీ రాయించుకుని కాస్ట్‌కో ఫార్మసీలో ధర పోల్చుకోండి, టీకాలకూ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కూ ఎస్‌పీసీఏ ఆఫ్ టెక్సస్ లాంటి సంస్థల చౌక క్లినిక్‌లను కనుక్కోండి.

పెట్ ఇన్సూరెన్స్ మన ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ లాంటిది కాదు. మామూలుగా బిల్లు ముందు మీరే కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అప్పటికే ఉన్న జబ్బుకు డబ్బు రాదు. అందుకే తీసుకుంటే చిన్న వయసులోనే తీసుకోండి. చైన్ క్లినిక్‌లు అమ్మే వెల్‌నెస్ ప్లాన్‌ను ఇన్సూరెన్స్ అనుకోకండి. టీకాలూ చెకప్‌లూ వస్తాయి గానీ, కాలు విరిగితే అది ఆదుకోదు. వడ్డీ లేదని చెప్పి క్లినిక్‌లో ఇప్పించే కార్డులతోనూ జాగ్రత్త. గడువులోగా మొత్తం తీర్చకపోతే కొన్ని కార్డులకు మొదటిరోజు నుంచీ వడ్డీ పడుతుంది.

వంటింటి సంగతొకటి. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్ కుక్కకు విషం. పాయసం గిన్నె నాకనివ్వకండి.

ఇక ఇండియా ప్రయాణం. మీరు లేనన్నాళ్లూ కుక్కను చూసుకునే పెట్ బోర్డింగ్‌లో దాన్ని చేర్చుకోవాలంటే రేబిస్‌తోపాటు సాధారణంగా బోర్డెటెల్లా టీకా కూడా అడుగుతారు. డిసెంబరు సెలవులకు ముందుగానే చోటు పట్టుకోవాలి. వీసా స్టాంపింగ్ ఆలస్యమై మీరక్కడే చిక్కుకుంటే? మీరు లేనప్పుడు కుక్క విషయంలో నిర్ణయం తీసుకునే స్నేహితుల పేరు, ఎంత ఖర్చు వరకు వాళ్లు ఒప్పుకోవచ్చో రాసి, సంతకం పెట్టి, విమానం ఎక్కేలోపు మీ వెట్ దగ్గర ఇచ్చి వెళ్లండి.