కౌలు రైతును ముందే అడుగు

నరసరావుపేట

చిరంజీవి అమ్మాయికి,

నిన్న ఫోన్లో నువ్వు హడావిడిగా ఉన్నావు, నేనూ సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మిరపలో నల్ల తామర పురుగు మీద యూనివర్సిటీ వాళ్లు ప్రాజెక్టు రాస్తున్నారనీ, మాచర్లలోని మీ రైతు ఉత్పత్తిదారుల సంఘాన్ని అందులో కలుపుకుంటామన్నారనీ, ఇరవై రోజుల్లో గడువనీ చెప్పావు. సంఘం లెటర్‌హెడ్ మీద సమ్మతి లేఖ, యాభై మంది రైతుల పేర్లు అడిగారన్నావు. లేఖ అరగంట పని. ఆ యాభై పేర్ల దగ్గరే నాకు దిగులుగా ఉంది.

నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి జాబితానే ఒక రాత్రి కూర్చుని పాస్‌బుక్కులు చూసి రాసిచ్చాను. మర్నాడే గడువు. ప్రాజెక్టు మంజూరై, కుర్ర పరిశోధకులు పొలాలకు వెళ్లేసరికి జాబితాలోని ఆసాముల్లో సగం మంది ఊళ్లోనే లేరు. సేద్యం చేసేది కౌలు రైతులు. వాళ్లకు ఈ సంగతే తెలియదు. కాళ్లావేళ్లా పడి ఒప్పిస్తే మొదటి ఏడు గడిచింది. ఉగాది దాటాక పొలాలు చేతులు మారాయి. ప్రాజెక్టు మూడేళ్లది, కౌలు ఒక్క ఏడుది. రెండో ఏడు లెక్కలు మొదటి ఏటి లెక్కలతో పోల్చడానికి లేకుండా పోయాయి. ఆ తప్పు నాది. ఆ కుర్రాళ్ల ముఖాలు ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని ముందు పొలాలకు వెళ్లు. యాభై పేర్లు కుదరకపోతే పదిహేనే ఇవ్వు. పట్టా ఎవరిది, సేద్యం ఎవరిది, నీళ్లు సాగర్ కుడి కాలవవా బోరువా, కిందటేడు ఏ రకం వేశారు, ఎన్ని మందులు కొట్టారు, ఇవన్నీ ఒక్క కాగితం మీద ఉంటే ప్రాజెక్టు రాస్తున్న ఆ ప్రొఫెసర్ గారికి యాభై పేర్ల కంటే అదే ఎక్కువ. కౌలు పొలమైతే ఆసామి చేత, కౌలుదారు చేత ఇద్దరిచేతా సంతకం పెట్టించు. మూడేళ్లు ఆ చెక్క ఆ రైతు చేతిలోనే ఉంచుతానని ఆసామి మాటిస్తేనే జాబితాలో చేర్చు.

రెండోది డబ్బు. బడ్జెట్ చూపించమని అడుగు, మొహమాటపడకు. జేఆర్‌ఎఫ్ అనే కుర్ర పరిశోధకుడి జీతం, పరికరాలు, రసాయనాలు, ప్రయాణాలు, ఇతర ఖర్చులు అని పద్దులుంటాయి. రైతుకు ఏమిస్తున్నారో వెతుకు. పోల్చి చూడటానికి మందు కొట్టకుండా ఒక మడి వదలమంటారు. ఆ మడిలో పంట పోతే ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టినవాడికి పరిహారం ఎవరిస్తారు? ఏ పద్దు కింద రాస్తే చెల్లుతుందో ప్రాజెక్టులు కోరుతూ వచ్చిన ప్రకటన చదివి ప్రొఫెసర్ గారు చెప్పగలరు. కానీ అడగాల్సింది ఇప్పుడే. మంజూరయ్యాక పద్దు మార్చడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆయన్ని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. పాఠాలు, పరీక్షలు, పేపర్లు దిద్దడం మధ్యలో రాస్తారు. రిజిస్ట్రార్ సంతకం, పరికరాలకు కొటేషన్లు, సహ పరిశోధకుల వివరాలు, అన్నీ ఆయన నెత్తిమీదే. చివరి రోజున దరఖాస్తు పంపే పోర్టల్ కదలదు. కాబట్టి నీ కాగితాలు గడువుకు వారం ముందు ఆయన చేతిలో ఉండాలి. నాలుగు రోజులకోసారి ఫోన్ చెయ్యి. మాట్లాడుకున్నది ఆ రోజే నాలుగు ముక్కలు రాసి పంపు.

మన పంట తేదీలు కూడా ఆయనకు చెప్పు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాట్లు, సంక్రాంతి అటూ ఇటూగా కోతలు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. కోతల్లో సర్వే పెడితే ఎవరూ పలకరు. మంజూరు నవంబరులో వస్తే మొదటి ఏడు నాట్లు తప్పిపోతాయి. అలాంటప్పుడు ఆ ఏడు ఏం చేస్తారో ప్రపోజల్లోనే రాయమను.

ఇంత పట్టుపట్టి చెప్పడానికి కారణం ఆ పురుగే. 2015లోనే మన దేశంలో, బెంగళూరులో బొప్పాయి మీద దాన్ని గుర్తించారు. మన రైతులు దాని పేరు విన్నది 2021లో, పూతంతా రాలిపోయాక. ఆ ఏడు పచ్చని తోటల్ని ట్రాక్టర్లతో దున్నేసినవాళ్లను నేను కళ్లారా చూశాను. మళ్లీ అలా జరగకూడదంటే పొలంలో కనిపించింది ల్యాబుకూ, ల్యాబులో తేలింది పొలానికీ చేరవేసే మనిషి కావాలి. ఈసారి గడువు దాటినా ఆ ప్రొఫెసర్ గారితో పరిచయం వదులుకోకు. తర్వాతి ప్రకటన రాకముందే, ఈ నాట్ల నుంచే, రైతులు అడిగే ప్రశ్నలు ఒక పుస్తకంలో రాసిపెట్టు. తామర పురుగు ఏ వారం కనిపించింది, జిగురు అట్టకు ఎన్ని అంటుకున్నాయి, అన్నీ తేదీ వేసి రాయి. అడిగినప్పుడు చూపించడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఈ ఆదివారం మాచర్ల బస్సెక్కి వస్తాను. పొద్దున్నే కౌలు రైతుల దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. లేఖ మీద అప్పటిదాకా సంతకం పెట్టకు.

ఇట్లు,
నీ పెదనాన్న