అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు? ఫ్యామిలీ హైక్‌కి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

పోయిన డిసెంబర్‌లో ఇంట్లోవాళ్ళని తలకోన తీసుకెళ్ళాను. మొత్తం ఆరుగురం: అమ్మ, నాన్న, జేజి, చిన్నాన్న, ఎనిమిదేళ్ళ చెల్లి, నేను. ప్లాన్ అంతా నాదే. ఎక్సెల్ షీట్ కూడా చేశాను. అందులో ఒక్క కాలమ్ మర్చిపోయాను: జేజి మోకాళ్ళు.

బండి దిగగానే చెల్లీ నేనూ ముందుకి పరిగెత్తాం. నీళ్ళ బ్యాగు నా భుజానే ఉంది. కాసేపటికి వెనక్కి చూస్తే ఎవరూ లేరు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. తిరిగొచ్చి చూస్తే జేజి మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతోంది, అమ్మ కొంగుతో విసురుతోంది. జేజి నన్ను ఏమీ అనలేదు. "నీళ్ళు తెచ్చినావా నాయినా?" అని మాత్రం అడిగింది. తిట్టుంటే బాగుండేది.

అందుకే ఆ రోజు చేసిన తప్పులనే ఇక్కడ పాఠంగా రాస్తున్నాను.

ముందు చోటు గురించి. తలకోన శేషాచలం కొండల్లో, శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్‌లో ఉంది. ఈ పార్క్ 1989లో ఏర్పడింది. జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పెద్దది. కింద సిద్ధేశ్వర స్వామి గుడి ఉంది. చుట్టూ ఎర్రచందనం పెరిగే అడవి. పెద్ద ట్రెక్కింగ్ అనుభవం లేనివాళ్ళు కూడా వెళ్ళగలిగే చోటు. కానీ "ఈజీ" అన్న మాట ఎవరి కాళ్ళని బట్టి అన్నది చూసుకోవాలి.

1. టైమ్ లెక్క. విలియమ్ నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో చెప్తే 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఉదాహరణకి రానూపోనూ 4 కిలోమీటర్లు, ఎక్కుడు 150 మీటర్లు అనుకోండి. నడకకి 48 నిమిషాలు, ఎక్కుడికి 15, మొత్తం 63 నిమిషాలు. అయితే ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ లెక్క. పిల్లలు, ముసలివాళ్ళు ఉంటే నేను రెట్టింపు చేస్తాను. కూర్చోడానికి, తినడానికి ఇంకో గంట. అంటే సుమారు మూడు గంటలు. నేను మొదటిసారి యావరేజ్ తీశాను. గుంపు వేగం యావరేజ్ కాదు, మినిమమ్. మన క్లాసులో వర్స్ట్ కేస్ అని చెప్పేది ఇదే.

2. వెనుదిరిగే టైమ్. పదింటికి బయల్దేరితే, పదకొండున్నరకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ఈ మాట ఇంట్లోనే అందరికీ చెప్పండి. దారిలో చెప్తే "ఇంకొంచెమే కదా" అంటారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. కాబట్టి దిగడానికి తక్కువ టైమ్ చాలని అనుకోకండి.

3. నీళ్ళు. ఒక్కొక్కరికి గంటకి అర లీటరు చొప్పున వేసుకోండి. మూడు గంటలకి ఆరుగురికి 9 లీటర్లు. అన్నీ ఒకే బ్యాగులో పెడితే, ఆ బ్యాగు ఉన్నవాడు ముందుకెళ్ళిపోతే ఏమవుతుందో పైన చదివారు. ఎవరి సీసా వాళ్ళ దగ్గరే ఉండాలి. జేజి సీసా మాత్రం పక్కన నడిచేవాళ్ళు మోస్తారు. బీపీ మాత్రలు, ఇన్‌హేలర్ లాంటివి కూడా వాడేవాళ్ళ దగ్గరే.

4. నడిచే వరస. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు, పిల్లలు మధ్యలో, బలమైనవాళ్ళు ఒకరు చివర. శేషాచలం అడవుల్లో చిరుతలు ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాప చిరుత దాడిలో చనిపోయింది. భయపెట్టడానికి కాదు, పిల్లల్ని కనుచూపు దాటనివ్వొద్దని చెప్పడానికి. చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి.

5. జలపాతం దగ్గర. తడి బండలు జారతాయి. పైన వాన పడితే కింద ఎండగా ఉన్నా నీళ్ళు ఒక్కసారిగా పెరగొచ్చు. గుండం లోతు పైకి తెలీదు, దూకొద్దు. కోతులకి తిండి పెట్టొద్దు. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకెళ్ళండి.

6. సిగ్నల్. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో ఆఖరిసారి సిగ్నల్ ఎక్కడ వచ్చిందో గుర్తుపెట్టుకోండి. 108కి ఫోన్ చేయాల్సొస్తే పరిగెత్తాల్సింది అక్కడికే. ఇంట్లో ఉన్న ఒకరికి "ఇన్నింటికల్లా ఫోన్ చేస్తాం" అని చెప్పి వెళ్ళండి.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి జేజి ముందు, నేను చివర. ఆమె ఆగిన ప్రతిచోటా అందరం ఆగాం. పదకొండున్నర అయ్యేసరికి జలపాతం ఇంకా కనిపించలేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చెల్లి ముఖం మాడ్చుకుంది. అయినా వెనక్కి తిరిగాం. గుడి దగ్గర పులిహోర తింటూ జేజి అడిగింది, "మళ్ళా ఎప్పుడు తోడుకొస్తావు?" అని.

మీరూ ప్లాన్ మొదలుపెట్టేముందు మ్యాప్ తెరవకండి. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి పక్కన కూర్చుని, "ఎంతసేపు నడవగలవు?" అని అడగండి. మిగతా షీట్ అంతా ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.