డ్రమ్ము విప్పే ముందు హ్యాండ్‌బ్రేకు సంగతి తేల్చండి

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని షెడ్డు ముందు ఆపి, "వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేసెయ్ అన్నా, ఎంతవుతుంది?" అని అడిగేవాళ్లు వస్తుంటారు. ప్లేటు కోయించి, క్యాలిపర్ బిగించి, గాలి తీసేస్తే అయిపోయే పనిలా కనిపిస్తుంది. అందుకే కుర్ర మెకానిక్కులు అక్కడికక్కడే కూలి చెప్పేస్తుంటారు. తొందరపడకండి. డిస్కు బిగించడం ఈ పనిలో సులువైన సగం. హ్యాండ్‌బ్రేకు ఎలా, మాస్టర్ సిలిండర్ సరిపోతుందా, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పొత్తు కుదురుతుందా అన్నవి మిగతా సగం. ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసుకున్నాకే స్పానర్ పట్టుకోండి. రాయలేకపోతే ఆ పని ఒప్పుకోవద్దు.

అసలు జబ్బు ఏమిటి?

యజమాని ఏ ఇబ్బందితో వచ్చాడో ముందు అడగండి. పెడల్ బాగా కిందికి దిగుతోందంటే చాలాసార్లు షూలు అడ్జస్టు కాకపోవడమే కారణం. బండి ఒక పక్కకి లాగుతోందంటే వీల్ సిలిండర్ పట్టేసి ఉండొచ్చు, లేదా ఇరుసు ఆయిల్ సీలు కారి లైనర్లు తడిసి ఉండొచ్చు. డ్రమ్ము గరిష్ఠ వ్యాసం దాటి అరిగిపోయి ఉంటే కొత్త షూలు వేసినా పట్టు రాదు. ఇవన్నీ సరిచేసినా అయ్యే ఖర్చు డిస్కుల మార్పిడి కంటే చాలా తక్కువ. ఆ మాట నిజాయితీగా చెబితే ఈసారి కూలి తగ్గుతుంది, ఆ మనిషి నమ్మకం మాత్రం మీకు మిగులుతుంది.

తర్వాత ముందు చక్రాలకు ఏముందో చూడండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాత జీపులు ఇంకా తిరుగుతున్నాయి. బ్రేకు నొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలే చేస్తాయి. అలాంటి బండికి మొదట ముందు డిస్కులు వేయించమని చెప్పండి. 2020లో వచ్చిన థార్‌కూ, 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకీ కంపెనీలు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే ఇచ్చాయి. వెనక డ్రమ్ము ఉన్నంత మాత్రాన బండి పాతబడినట్టు కాదని యజమానికి చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

మార్పిడి నిజంగా అక్కరకొచ్చే చోట్లూ ఉన్నాయి. పాడేరు, మారేడుమిల్లి ఘాట్లలో బరువుతో దిగే బండికి డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూలకు దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా ఇంకా కిందికి పోతుంది. డిస్కు వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, పైగా గాలికి త్వరగా చల్లారుతుంది. వాగు దాటితే డ్రమ్ములో నీళ్లూ బురదా నిలిచిపోతాయి. డిస్కు మీది నీళ్లు కొద్ది దూరంలోనే విసిరికొట్టుకుపోతాయి. అయితే బురదలో ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. ఈ మాట కూడా ముందే చెప్పాలి.

హ్యాండ్‌బ్రేకు ఎక్కడ పనిచేస్తోంది?

బండి కిందికి దూరి హ్యాండ్‌బ్రేకు కేబుల్ ఎక్కడికి పోతోందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీలో అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది, ప్రొపెల్లర్ షాఫ్టును పట్టి ఆపుతుంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లోనూ ఇదే ఏర్పాటు. అందుకే 1990ల మొదట్లో కంపెనీయే దాని వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టినప్పుడు హ్యాండ్‌బ్రేకు జోలికి పోవాల్సిన పని పడలేదు. మీ ముందున్న బండికి ఇలాంటిదే ఉంటే మీ పని సగం తేలిక. కానీ ఒక జాగ్రత్త: ఇలాంటి బండిని ఒక వెనక చక్రం లేచేలా జాకీ మీద ఎత్తితే హ్యాండ్‌బ్రేకు ఆపలేదు. షాఫ్టు ఆగినా డిఫరెన్షియల్ వల్ల ఒక చక్రం ఒకవైపు, రెండోది ఇంకోవైపు తిరగగలవు. బండి దొర్లుతుంది. చక్రాలకు చెక్కలు పెట్టకుండా కిందికి దూరొద్దు.

కేబుల్ వెనక డ్రమ్ముల్లోకే పోతుంటే, డ్రమ్ముతో పాటే హ్యాండ్‌బ్రేకూ పోతుంది. అప్పుడు మీకు రెండు మంచి దారులున్నాయి. ఒకటి, హ్యాండ్‌బ్రేకు లివరు క్యాలిపర్‌లోనే ఉన్న రకం తెచ్చుకోవడం. రెండోది, డిస్కు నడుమ చిన్న డ్రమ్ము, అందులో షూలు ఉన్న రకం తెచ్చుకోవడం. మొదటి రకంలో పిస్టన్‌ను సాధారణంగా తిప్పుతూ లోపలికి పంపాలి. సీ క్లాంపుతో నొక్కితే లోపలి అడ్జస్టర్ పాడవుతుంది. కేబుల్ వదిలినప్పుడు లివరు తన స్టాపరు దాకా పూర్తిగా వెనక్కి రావాలి, లేకపోతే ప్యాడ్లు అరిగిన కొద్దీ అది సర్దుకోదు.

బ్రేకు ఆయిల్ ఒత్తిడిని వాల్వుతో బిగబట్టి ఉంచే లైన్ లాకును హ్యాండ్‌బ్రేకు పేరుతో ఎవరికీ అంటగట్టొద్దు. క్యాలిపర్ చల్లారిన కొద్దీ ఒత్తిడి పడిపోతుంది, వాలులో నిలిపిన బండి కదులుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 96వ నిబంధన కారుకూ జీపుకూ కాలి బ్రేకుతో పాటు విడిగా పార్కింగ్ బ్రేకు ఉండాలంటోంది. హ్యాండ్‌బ్రేకు లేకుండా బండిని షెడ్డు దాటనివ్వకండి.

మాస్టర్ సిలిండర్ లెక్క

22 మి.మీ. పిస్టన్లు రెండున్న వీల్ సిలిండర్ మొత్తం విస్తీర్ణం సుమారు 760 చదరపు మి.మీ. 48 మి.మీ. క్యాలిపర్ పిస్టన్‌ది 1,810. అంత పెద్ద పిస్టన్‌ను కదపాలంటే ఆయిల్ ఎక్కువ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంత పంపలేకపోతే పెడల్ నేల దాకా దిగుతుంది.

అయితే పెద్దది వేసేస్తే సరి అనుకోకండి. 22.2 మి.మీ. బోరున్న దాని విస్తీర్ణం 387 చదరపు మి.మీ., 25.4 మి.మీ. దానిది 507. పెద్దది అదే కదలికకు మూడో వంతుకు దగ్గరగా ఎక్కువ ఆయిల్ పంపుతుంది. కానీ పెడల్ మీద అదే బలం వేస్తే ఒత్తిడి నాలుగో వంతు దాకా తగ్గుతుంది. బూస్టరు లేని బండిలో ఈ తేడా కాలికి స్పష్టంగా తెలుస్తుంది. పైగా డ్రమ్ములో ముందు షూ తిరుగుతున్న డ్రమ్ముతో పాటు లాగబడి తనంతట తానే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. డిస్కుకు ఆ సాయం లేదు. కాబట్టి సిలిండర్, బూస్టరు, క్యాలిపర్ ఈ మూడింటినీ కలిపే ఎంచుకోండి.

డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లలో లైన్లో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపే వాల్వు ఉండొచ్చు. దాన్ని అలాగే ఉంచితే డిస్కును ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి, చక్రం కాలిపోతుంది. దాన్ని తీసేయాలి. మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద, క్యాలిపర్ కంటే దిగువన ఉన్న బండ్లలో మాత్రం ఆయిల్ వెనక్కి జారకుండా 2 పీఎస్ఐ వాల్వు పెట్టాలి. ఆయిల్ డబ్బా కూడా చూడండి. ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్ వెనక ఆయిల్ చేరుతుంది, డబ్బాలో మట్టం పడిపోతుంది. డ్రమ్ముల కోసం పెట్టిన చిన్న గది దానికి చాలకపోవచ్చు.

వెనక చక్రం ముందు పట్టేయకూడదు

ముందు చక్రాల క్యాలిపర్లలాంటివే తెచ్చి వెనక కూడా బిగించేవాళ్లున్నారు. అప్పుడు వెనక పట్టు మరీ ఎక్కువై, ఖాళీ బండిలో వెనక చక్రాలు ముందుగా పట్టేస్తాయి, బండి అడ్డం తిరుగుతుంది. వర్షంలో ఇది ప్రాణాంతకం. వెనకకు చిన్న పిస్టన్ ఉన్న క్యాలిపర్ ఎంచుకోండి. వెనక లైన్లో మాత్రమే, ఒత్తిడి తగ్గించే ఒక్క అడ్జస్టబుల్ వాల్వు పెట్టండి. ముందు లైన్లో దాన్ని ఎన్నడూ పెట్టొద్దు. ఖాళీ బండికే సెట్ చేయండి, వెనక బరువు అతి తక్కువగా ఉండేది అప్పుడే. మనుషులు లేని విశాలమైన తడి నేల మీద 20, 30 కి.మీ. వేగంలో గట్టిగా బ్రేకు కొట్టండి. బయట ఒకరు నిలబడి ఏ చక్రం ముందు ఆగిందో చూడాలి. ప్రతిసారీ ముందు చక్రాలే ముందు ఆగాలి.

బిగించేటప్పుడు

చాలా ఇరుసుల్లో డ్రమ్ము వెనక ప్లేటును పట్టి ఉంచే బోల్టులే బేరింగునూ పట్టి ఉంచుతాయి. షాఫ్టు బయటికి లాగక తప్పదు, కాబట్టి కొత్త ఆయిల్ సీలు తప్పనిసరి. కొత్త బ్రాకెట్ మందం పాత ప్లేటు మందంతో సరిపోకపోతే షాఫ్టు ఆట మారిపోతుంది. అందుకే విప్పకముందే కొలిచి రాసుకోండి. బ్రాకెట్‌ను గట్టి ఉక్కు ప్లేటుతో కోయించి, కనీసం 8.8 గ్రేడు బోల్టులతో బిగించండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మంచి లేత్ పనివాళ్లకు కొదవ లేదు. అట్టతో నమూనా చేసి, బండికి పెట్టి చూసి, ఆ తర్వాతే ప్లేటు కోయించండి. రిమ్ముకూ క్యాలిపర్‌కూ మధ్య సందు అప్పుడే తేలుతుంది.

క్యాలిపర్‌లో గాలి తీసే నిప్పల్ పైకి ఉండాలి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిప్పల్ కిందికి వస్తుంది, గాలి ఎంత తీసినా లోపలే చిక్కుకుంటుంది. స్లైడింగ్ క్యాలిపర్ కదులుతుంది కాబట్టి దానికి రబ్బరు హోసే వేయాలి. పైపులకు డబుల్ ఫ్లేర్ వేయండి, మామూలు రాగి పైపు వాడొద్దు. డిస్కు ఊగు డయల్ గేజితో కొలిస్తే సాధారణంగా 0.1 మి.మీ. దాటకూడదు. బ్రేకు ఆయిల్ కొత్త డబ్బాలోదే పోయండి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. ఘాట్ దిగే బండికి ఈ తేడా చాలా పెద్దది.

కాగితాలూ బాధ్యతా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. చట్టం ఒప్పుకోని మార్పు చేయించిన యజమానికి 182ఏ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ముందుగా ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడిగి రమ్మని యజమానికి చెప్పండి. జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి.

కూలి చెప్పేటప్పుడు పరీక్షకు పట్టే సమయం కూడా అందులో కలపండి. ఆ భాగానికి డబ్బు అడగని మెకానిక్ చివరికి దాన్నే ఎగ్గొడతాడు. అప్పగించే రోజు వాలు మీద బరువుతో బండి నిలిపి, ముక్కు పైకి ఒకసారి, కిందికి ఒకసారి పెట్టి హ్యాండ్‌బ్రేకు చూపించండి. కొద్ది దూరం నడిపి వచ్చి నాలుగు చక్రాల వేడి పోల్చండి. ఒకటి మరీ కాలిపోతుంటే అక్కడ ప్యాడ్లు వదలడం లేదని అర్థం. ఏ సిలిండర్, ఏ ప్యాడ్లు, ఏ డిస్కు వేశారో, డిస్కు ఏ మందానికి అరిగాక మార్చాలో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. 500 కి.మీ. తర్వాత బోల్టులు, హోసులు, ఆయిల్ మట్టం చూడ్డానికి మళ్లీ రమ్మనండి, ఆ చెకింగ్‌కు డబ్బు తీసుకోకండి. రేపు ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్ ఆ బండిని విప్పినా, మీ కాగితం చూసి సరైన సామాను తెప్పించుకోగలగాలి.