7.4 స్ప్రెడ్‌షీటుకు తాళం

కార్యాలయ నెట్‌వర్కులోని ఉమ్మడి ఫోల్డరులో జీతాల ఎక్సెల్ ఫైలు ఉందనుకోండి. స్క్రిప్టు అందులోని అంకెలను చదివింది. ఈలోగా గుమాస్తా ఆ ఫైలు తెరిచి, ఒక జీతం సరిదిద్ది, భద్రపరిచి మూశాడు. తరువాత స్క్రిప్టు తన ప్రతిని భద్రపరిచింది. గుమాస్తా దిద్దిన అంకె పోయింది!

"ఎవరైనా తెరిచారా?" అని ముందుగా చూస్తే చాలదు. చూడటానికీ తెరవడానికీ మధ్య మరొకరు తెరవవచ్చు. కాబట్టి స్క్రిప్టు ఎక్సెల్ ద్వారానే ఫైలును తెరిచి, పని ముగిసేవరకు మూయకూడదు. అప్పుడు ఇతరులకు అది చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. స్క్రిప్టుకే అలా తెరుచుకుంటే, మార్పులు చేయకుండా ఆగాలి. మధ్యలో దోషం వచ్చినా ఫైలును మూసే ఆదేశం తప్పక రాయండి. లేకుంటే తాళం అలాగే మిగిలిపోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
గుమాస్తా దిద్దిన అంకె ఎందుకు పోయింది?